కాఫీ తాగి ఇచ్చిన రక్తం

మరుగుతున్న గంజి కుడికాలి మీద ఒలికితే నాకు తెలియలేదు. మా అమ్మాయి చూసి కేక పెడితే తెలిసింది. ఈ ఒక్క ముక్క చాలు, నాకెంత కోపం ఉండాలో మీరే ఊహించుకోండి. అయినా మొత్తం రాస్తాను. గండం గడిచింది, కూర్చుని రాసే ఓపిక వచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గాలని నేను అనుకోవడం కూడా లేదు.

నేను తద్దినాల వంటలు చేస్తాను. మాది మామిడికుదురు దగ్గర పల్లెటూరు. అమలాపురం నుంచి రాజోలు దాకా, ఇటు కొత్తపేట దాకా, పెద్దల తిథి వచ్చిందంటే నాకూ మా ఆయనకీ కలిపి కబురు వస్తుంది. ఆయన ముందు గదిలో మంత్రం చెబుతారు, నేను వెనక వంటింట్లో పొయ్యి దగ్గర ఉంటాను. ఇరవై ఆరేళ్ళుగా ఇదే మా సంసారం.

తద్దినం వంట మడి వంట. పొద్దున్నే తలస్నానం చేసి, ఎవరూ ముట్టకుండా తడిపి ఆరేసుకున్న చీర కట్టుకుని పొయ్యి అంటించాలి. పెద్దల పేరున భోజనానికి కూర్చునే బ్రాహ్మల్ని భోక్తలంటారు. వాళ్ళు తిని లేచేదాకా వంటమనిషి మెతుకు ముట్టకూడదు. కాఫీకి మాత్రం మినహాయింపు ఉంది. ఎవరిచ్చారో గానీ ఆ మహానుభావుడికి దణ్ణం. భోక్తలు తిని, ఇంటివాళ్ళు తిని, నా విస్తరి పడేసరికి మూడో నాలుగో అవుతుంది. ఆ ఆకలి మీద గారెలు, బూరెలు, పరమాన్నం, గుండిగలో మిగిలిన అన్నం అన్నీ తినేదాన్ని. ఇది కాస్త గుర్తు పెట్టుకోండి. తరవాత నాలుగైదు నెలలు నన్ను చూసినవాళ్ళు ఎవరూ అడగని సంగతి ఇదే.

వైశాఖం

నిరుడు ఎండాకాలంలో మా ఊరి బడిలో షుగర్ పరీక్షల శిబిరం పెట్టారు. అందరితోపాటు నేనూ వెళ్ళాను. అప్పటికి కొన్నాళ్ళుగా దాహం ఎక్కువైంది. చెంబుతో నీళ్ళు ఎత్తితే ఖాళీ అయ్యేదాకా దించేదాన్ని కాదు. చీర కుచ్చిళ్ళు ఆరు పెట్టేదాన్ని ఎనిమిది పెడుతున్నాను. అరికాళ్ళ కింద ఎవరో దూది పరిచినట్టు ఉండేది. వంటింట్లో వేడికేమో అనుకున్నాను.

బల్ల వెనకాల కూర్చున్న ఆయన నా ఎత్తూ బరువూ చూసి గోడకి తగిలించిన చార్టు మీద వేలు పెట్టాడు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీలున్నాయి దాని మీద. పక్కన ఒక లావుపాటి దొర బొమ్మ. ఆయన వేలు ఆకుపచ్చ మధ్యలో పడింది. తరవాత కాగితం తీసి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"సిగరెట్టు తాగుతారాండి?"

"లేదండి."

"మందు?"

నేను చూసిన చూపుకి ఆయనే నవ్వేసి, "రాసుందండి, అడగాలి కదా. మాంసం? కూల్‌డ్రింకులు? బ్రెడ్డు, కేకులు, బర్గర్లు?" అన్నాడు.

"మడి వంట చేసుకునేదాన్ని నాయనా, నాకు బర్గరెక్కడిది?"

"మీ ఇంట్లో ఎవరికైనా షుగరుందాండి?"

"లేదండి."

మా అమ్మ నలభై ఎనిమిదేళ్ళకి ఎండి కట్టెపుల్లలా అయి కన్నుమూసింది. బెంగతో పోయిందన్నారు. ఎవరూ పరీక్ష చెయ్యలేదు, అంచేత లేనట్టే లెక్క. ఇలాంటి 'లేదండి'లు కోనసీమలో ఇంటికొకటి ఉంటాయని ఇప్పుడు తెలుస్తోంది.

నాకు సున్నా మార్కులు వచ్చాయి. ఆ కాగితంలో సున్నాయే అన్నిటికంటే మంచి మార్కుట. ఆయన లేచి నిలబడి, "చూడండమ్మా, ఇవాళ మొత్తానికి ఈవిడొక్కరే. తిండి క్రమశిక్షణంటే ఇదీ," అని నన్ను అందరికీ చూపించేడు. చప్పట్లు కొట్టారు. నా వేలి నుంచి ఒక్క చుక్క కూడా తియ్యలేదు. మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళకే సూది. నేను మురిసిపోయి ఇంటికొచ్చాను. దారిలో చెంబెడు మజ్జిగ అడిగి తాగాను.

ఆ కాగితంలో అన్నం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. ఎంత తింటావు, ఏ వేళకి తింటావు, తిన్నాక నిద్ర ముంచుకొస్తుందా అని ఒక్కరూ అడగలేదు. ఏ దేశంలో ఎవరిని చూసి రాశారో ఆ ప్రశ్నల్ని! ఎవరి ఒంటికో కుట్టిన జాకెట్టు నాకు తొడిగి, అబ్బ, ఎంత వదులుగా ఉందో, నీకేం ఫరవాలేదు అన్నారు.

ఆషాఢం

ఆషాఢం వచ్చేసరికి నాలుగు కిలోలు తగ్గాను. నన్ను చూసిన ఆడవాళ్ళందరూ "ఏం చేస్తున్నారండీ, మాకూ చెబుదురూ" అని అడిగేవాళ్ళు. మా వీధిలో ఒకాయన నన్ను చూపించి వాళ్ళావిణ్ణి దెప్పాడట. మా అత్తగారు మాత్రం దిష్టి తీసింది. ఇప్పుడాలోచిస్తే నా ఒంట్లో ఏదో జరుగుతోందని కనిపెట్టింది ఆవిడొక్కతే. వైద్యం తప్పు గానీ అనుమానం సరైనదే.

మా అమ్మాయి శారద బళ్ళో పాఠాలు చెబుతుంది. దాని పోరు పడలేక అమలాపురంలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన రక్తపరీక్ష రాశారు. పరగడుపున ఒకసారి, తిన్నాక రెండు గంటలకి ఒకసారి ఇవ్వాలి. ఆ రోజే పట్టణంలో ఒకరింట్లో తద్దినం వంట ఒప్పుకుని ఉన్నాను. పొద్దున్నే ల్యాబుకి వెళ్ళి మొదటిది ఇచ్చి, ఆ ఇంటికెళ్ళి స్నానం చేసి పప్పులు నానబోసి, కాఫీ తాగి, రెండోది ఇవ్వడానికి మళ్ళీ వచ్చాను. వెనక్కెళ్ళి మళ్ళీ స్నానం చెయ్యాలి కదా, ఆ తొందర ఒకటి.

"టిఫినయ్యిందాండి?" అన్నాడు ల్యాబు ఆయన.

"ఇవాళ తద్దినం వంటండి, తినకూడదు. కాఫీ తాగేను."

"పర్లేదండి, ఏదో ఒహటి పడింది కదా. చెయ్యి చాపండి."

చాపాను. పరగడుపు అంకె గీటు దాటలేదు. కాగితం మీద ముందే అచ్చు వేసిన 'భోజనానంతరం' అన్న గడిలో నూట ముప్ఫై అని వేశారు. నా కడుపులో ఉన్నది అరగ్లాసు కాఫీ.

ఇక్కడ నా తప్పు కూడా ఉంది, దాచను. డాక్టరు గారు కాగితం చూసి "తిన్నాకే కదండీ ఇచ్చేరు?" అని మాట వరసకి అడిగారు. నేను ఆయ్ అని తలూపేశాను. అంత పెద్దాయన ఎదురుగా కూర్చుని, ఏకాదశులూ తద్దినాలూ మడీ ఆచారమూ విప్పి చెప్పడానికి మొహమాటం వేసింది. బయట ఇంకా పాతిక మంది ఉన్నారు. మన మర్యాద మన కొంప ముంచుతుందని ఎవరైనా చెబితే అప్పుడు నమ్మేదాన్ని కాదు.

"మీకు షుగరెందుకొస్తుందండీ బాబూ, గట్టిగా గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నారు," అన్నారాయన. నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

శారద ఊరుకోక, మూడు నెలల సగటు తెలిపే పరీక్ష ఉంటుందట, అదీ చెయ్యండి అంది. చేశారు. అదీ గీటుకి ఇవతలే వచ్చింది. ఇంకేం! రక్తం తక్కువగా ఉందన్నారు, వయసు మార్పులన్నారు, బెంగ పెట్టుకోవద్దన్నారు. బలం బిళ్ళలు రాశారు. శారద కడుపులో ఉన్నప్పట్నుంచీ ఆ బిళ్ళలు మింగుతూనే ఉన్నాను. అవి మింగినా నా రక్తం ఎందుకు పెరగలేదని కూడా ఎవరూ అడగలేదు.

మా ఆయన బయటికొచ్చి, "చెప్పేనా? మన ఇళ్ళల్లో ఆ రోగాల్లేవు," అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో ఉన్న గర్వం చూడాలి. ఆస్తులు లేని వంశానికి ఆరోగ్యమే ఆస్తి అన్నట్టు.

భాద్రపదం

భాద్రపద మాసంలో మహాలయ పక్షాలు పదిహేను రోజులూ పెద్దలకి పెట్టుకునే రోజులు. మాకు ఊపిరి తిరగని రోజులు. ఒక్కరోజు కూడా ఖాళీ ఉండదు. బడికి సెలవైన రోజున శారద నాకు సాయం వచ్చేది.

ఆ రోజు ఇత్తడి గుండిగ మీద సిబ్బి మూసి గంజి వారుస్తున్నాను. చేతులు నీరసంతో వణుకుతున్నాయి. సిబ్బి జారింది. నేను సిబ్బి సర్దుకుని వార్చడం పూర్తి చేశాను. అన్నం పలుకు చెడకుండా ఉందా లేదా అని చూస్తున్నాను.

"అమ్మా, కాలు!" అంది శారద.

చూస్తే పాదం మీంచి ఆవిరి లేస్తోంది. వేళ్ళ మధ్య గంజి. చర్మం అప్పటికే తెల్లబడింది. నాకు నొప్పి లేదు. ఏదో గోరువెచ్చగా ఉంది, అంతే. ఆ క్షణంలో నాకు కలిగిన భయం ఇంకెప్పుడూ కలగలేదు. నొప్పి పుడితే ఏడవచ్చు. నొప్పి లేని కాలుని చూసి ఏం చెయ్యాలి?

ముందు గదిలోంచి మా ఆయన గొంతు వినిపిస్తోంది, మంత్రం ఆగలేదు. నేను గుడ్డ చుట్టుకుని వడ్డన అయ్యేదాకా నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో అడక్కండి. మా ఇళ్ళల్లో అలాగే నిలబడతారు, అదేదో గొప్పలా చెప్పుకుంటారు కూడా.

తరవాత తొమ్మిది రోజులూ అలాగే వండాను. అత్తగారు కలబంద గుజ్జు రాసింది. మా ఆయన "పక్షాలు అయిపోనీ, చూపిద్దాం. మాటిచ్చిన ఇళ్ళు కదా," అన్నారు. చిటికెన వేలూ దాని పక్క వేలూ నల్లబడ్డాయి. పదో రోజున శారద గుడ్డ విప్పి వాసన చూసి, లోపలికెళ్ళి సంచీ సర్దుకొచ్చింది.

"నాన్నా, మీరు వస్తే రండి. లేకపోతే నేనే తీసికెళ్ళిపోతాను," అంది.

కట్టుకున్న పెళ్ళాం కాలు కుళ్ళుతుంటే పక్షాలు అయిపోనీ అన్నారాయన. ఈ వాక్యం రాస్తున్నానని ఆయనకి తెలుసు. రాసుకో అన్నారు.

ఆశ్వయుజం

కాకినాడ పెద్ద ఆసుపత్రిలో వరండా నిండా జనం. కింద దుప్పటి పరుచుకున్నవాళ్ళు, గోడకి ఆనుకున్నవాళ్ళు, చీటీలు పట్టుకుని పరుగెత్తేవాళ్ళు. మూడు గంటలు కూర్చున్నాక నన్ను లోపలికి పిలిచారు. నా వయసే ఉన్న డాక్టరమ్మ. కాలు చూసింది, నా మొహం చూసింది, వేలి నుంచి చుక్క తీయించింది. నూట డెబ్భై.

"నిన్న ఏం తిన్నారమ్మా? ఎన్నింటికి?" అని అడిగింది.

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను. నిన్న నాలుగింటికి తినడం, ఇవాళ కాఫీ తాగడం, ఆషాఢంలో కాఫీ తాగి రక్తం ఇవ్వడం, ఆయ్ అనడం, అన్నీ.

ఆవిడ పాత కాగితాలు తిరగేసి పక్కన పడేసింది. "ఇరవై గంటలు పస్తున్న మనిషికి నూట డెబ్భై అంటే అదే ఎక్కువ. కానీ నాకు సగమే తెలిసింది. మీరు రోజూ తినేలాగ కడుపునిండా అన్నం తిని, రెండు గంటలకి రండి. పళ్ళూ పాలూ కాదు. అన్నం," అంది.

వరండాలోకి వచ్చాం. అన్నం ఎక్కడ తినాలి? పెళ్ళైనప్పట్నుంచీ బయట అన్నం తినలేదు నేను. మా ఆయన క్యాంటీను గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. "అక్కడ కోడిగుడ్లు ఉడకేస్తున్నారే," అన్నారు. శారద పళ్ళు కొరుకుతోంది. నేనూ తక్కువదాన్ని కాదు, "రెండు అరటిపళ్ళు తిని ఇచ్చేస్తాలే," అన్నాను. కాలు కుళ్ళి కూర్చున్నాను, ఇంకా మడి పట్టుకుని వేలాడుతున్నాను.

పక్కన కూర్చున్న మనిషి అంతా వింటోంది. పేరు మరియమ్మ. రాజోలు అవతల కొబ్బరిపీచు పనిచేస్తుంది. వాళ్ళాయనకి ఇదే జబ్బు, లోపల మంచం మీద ఉన్నాడు. తన సంచీలోంచి స్టీలు డబ్బా తీసింది.

"నా మాటినండమ్మా. పొద్దున్న వండిందేనండి. అన్నం, ములక్కాడ పప్పుచారు, దొండకాయ వేపుడు. చేపల కూర మా ఆయనకి వేరే గిన్నెలో తెచ్చేనండి, దీనికి తగల్లేదండి," అంది. నేను డబ్బా మూత వంకే చూస్తున్నాను. "మీరు తినకపోతే ఆ డాక్టరమ్మకి ఏం తెలుస్తదండి? మా ఆయనా ఇలాగే, రక్తం ఇచ్చే రోజున బువ్వ మానేసేవోడండి. కాగితం బాగా రావాలని," అంది.

అందరం కాగితం బాగా రావాలని పస్తుండే జనమే అన్నమాట. నేను డబ్బా అందుకున్నాను. మా ఆయన లేచి దూరంగా కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డారు. మరియమ్మ నాకు నీళ్ళు పట్టి ఇచ్చింది. పప్పుచారులో చింతపండు కాస్త ఎక్కువైంది, వేపుడు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. డబ్బా ఖాళీ చేశాను. మరి తనేం తింటుందని అప్పుడు తోచలేదు నాకు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

రెండు గంటల తరవాత వేలు చాపాను. నాలుగు వందల పన్నెండు.

నన్ను అక్కడే చేర్చుకున్నారు. డాక్టరమ్మ మర్నాడు నా మంచం పక్కన కూర్చుని చెప్పింది. మా బడి గోడ మీద చార్టు మన ఒళ్ళు చూసి గీసింది కాదట. దేశాన్ని బట్టి, జాతిని బట్టి ఒళ్ళు వేరట. మనవాళ్ళు సన్నగా ఉన్నట్టే ఉంటారు, కాళ్ళూ చేతులూ పుల్లలు, కొవ్వంతా కడుపులో దాక్కుంటుంది, చాలా తక్కువ బరువుకే ఈ జబ్బు పట్టుకుంటుంది. నా నడుం చుట్టూ టేపు పెట్టి చూపించింది కూడా. చాలామందిలో ముందు తిన్నాకే పెరుగుతుందట, పరగడుపు అంకె తరవాతెప్పుడో కదులుతుందట.

"మరి మూడు నెలల పరీక్షండీ? అందులో కాఫీ లేదు కదా," అన్నాను.

దానికి ఇంకో రక్తపరీక్ష చేయించి జవాబు చెప్పింది. నా ఎర్రకణాల తీరే వేరట. పుట్టుకతో వచ్చింది, తరాలుగా కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. దానివల్ల రక్తం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది, బలం బిళ్ళలకి పెరగదు. ఆ మూడు నెలల పరీక్ష ఇలాంటి రక్తంలో తక్కువ చూపించి మోసం చెయ్యగలదు. "పరీక్ష తప్పు కాదమ్మా. ఎవరికి చేస్తున్నామో చూసుకోకపోవడం తప్పు," అంది.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. నేను నెమ్మదిగా వినలేకపోయాను. అంటే చార్టు నాది కాదు, ప్రశ్నలు నావి కావు, పరీక్ష నా రక్తానిది కాదు, గడి నా భోజనానిది కాదు. కుళ్ళిన వేళ్ళు మాత్రం నావి. రెండూ తీసేశారు. ఇంకో వారం ఆగి ఉంటే పాదమే పోయేదట.

ఇంటికి వచ్చిన రోజు అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది. మా ఆయన ఫోనులో అన్నీ చెప్పేసినట్టున్నారు.

"ఎవరి అన్నవేఁ తిన్నావు?" అంది.

పాతిక రోజులు ఆసుపత్రిలో పడుకుని, రెండు వేళ్ళు అక్కడ వదిలేసి, కర్ర పట్టుకుని వచ్చాను. ఇంట్లో మొదటి ప్రశ్న అది. నాలో ఏదో తెగింది. "మరియమ్మ అన్నం తిన్నాను. ఆ మహాతల్లి అన్నం తిన్నాకే నా రోగం బయటపడింది. మీ ఇంట్లో ఇరవై ఆరేళ్ళు మడి తిండి తింటే బయటపడలేదు. ఇంకేమైనా అడగాలా?" అన్నాను. ఆ ఇంట్లో కోడలు అంత గొంతు ఎత్తడం అదే మొదలు. వీధిలోవాళ్ళు విన్నారు. విననీ.

మా ఆయన తల దించుకుని లోపలికెళ్ళారు. అత్తగారు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అసలు చిక్కు తరవాత వచ్చింది. ఇకమీదట ఇంట్లో కూడా వట్టికాళ్ళతో నడవకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాలికి స్పర్శ లేదు, నిప్పురవ్వ పడ్డా మేకు గుచ్చుకున్నా తెలియదు, ఈసారి పుండు పడితే పాదం దక్కదు. అంటే నేను పొయ్యి దగ్గర చెప్పులు వేసుకోవాలి. మడి వంటింట్లోకి చెప్పులా! వంట మానేస్తే నేనెవర్ని? నా చేతికి తెలిసిన విద్య అదొక్కటే. వంట మానితే పాదం మిగులుతుంది, మనిషిగా మిగలను. వట్టికాళ్ళతో వండితే మనిషిగా మిగులుతాను, పాదం మిగలదు. ఇది ఏ చార్టులోనూ లేదు.

అయిదో రోజున అత్తగారు నా మంచం దగ్గరికి వచ్చింది. "మీ అమ్మ కూడా నీ పెళ్ళిలో ఇలాగే చెంబులు చెంబులు నీళ్ళు తాగేదే. నాకు గుర్తుంది. వేడి చేసిందనుకున్నాం," అంది. నా కాలి కట్టు వంక చూసింది. తరవాత, "ఆ చెప్పులు తోలువి కాదుగా?" అంది.

"రబ్బరువండి."

"అయితే నూతి దగ్గర తడిపి వాడుకో. చీర తడిపితే మడైనప్పుడు రబ్బరు తడిపితే ఎందుక్కాదు? ఎవరైనా అడిగితే నేను చెప్పేనని చెప్పు."

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఏ శాస్త్రమూ చదవలేదు. ఆ రోజు తరవాత ఆవిడ మీద నాకు కోపం లేదు. ఇంకా చాలామంది మీద ఉంది.

శారదకి కూడా అన్నం పెట్టి, గడియారం చూసి పరీక్ష చేయించాను. గీటు దాటలేదు గానీ గీటు దగ్గరే తచ్చాడుతోంది. అదీ నాలాగే సన్నగా ఉంటుంది. ఇప్పుడు దాని కంచం నేనే చూస్తున్నాను.

మాఘం

మూడు నెలలు ఎవరూ వంటకి పిలవలేదు. మా ఆయన ఒక్కరే వెళ్ళొచ్చేవారు. ఫలానావిడ చెప్పులతో వండుతానంటోందట అని కోనసీమంతా పాకింది. నాకు బాలేనప్పుడు మజ్జిగ కూడా పంపనివాళ్ళు నా చెప్పుల కబురు మాత్రం ఇంటింటికీ పంచిపెట్టారు.

మాఘమాసంలో కొత్తపేట నుంచి పాత ఇంటివాళ్ళు పిలిచారు. వాళ్ళ నాన్నగారి తద్దినం. కబురు తెలియక పిలిచారని వెళ్ళాక అర్థమైంది. నేను స్నానం చేసి, మడి చీర కట్టుకుని, నూతి గట్టు మీద రబ్బరు జోళ్ళు తడిపి వేసుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చాను. ఇంటాయన అడ్డంగా నిలబడ్డారు.

"అవి బైట వదిలెయ్యండమ్మా."

"కుదరదండి. వైద్యం."

"మా నాన్నగారి తద్దినవండి ఇది. మీకు బాలేకపోతే ఇంకోళ్ళని చూసుకునేవాళ్ళం కదా."

నేను వాదించలేదు. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. ముందు గదిలో మా ఆయన దర్భలు సర్దుకుంటున్నారు. ఆయన ఏమీ అనరని నాకు తెలుసు. మాటిచ్చిన ఇల్లు కదా. పది నిమిషాలైంది. పొయ్యి అంటలేదు.

అప్పుడు ఆయన దర్భలు కట్ట కట్టి సంచీలో పెట్టుకోవడం కనిపించింది. ఇంటాయన కంగారుగా "అదేంటండీ?" అన్నారు.

"ఆవిణ్ణి గడప దాటనివ్వని చోట నేను మంత్రం చెప్పనండి. పక్షాల్లో ఆవిడ కాలు కుళ్ళుతుంటే చెప్పేను. రెండు వేళ్ళు పోయేయి," అన్నారు మా ఆయన. గొంతు పెంచలేదు. నా వైపు చూడలేదు కూడా.

కాసేపటికి ఇంటాయన వచ్చి, "దయచెయ్యండమ్మా," అన్నారు. జోళ్ళతోనే గడప దాటాను. ఆ రోజు నేను చేసిన గారెలు ఎంత బాగా కుదిరాయో చెప్పడం నాకే సిగ్గు గానీ, కుదిరాయి. మధ్యలో పన్నెండున్నరకి వంటింట్లోనే పక్కకి తిరిగి, ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాను. భోక్తల కంటే ముందు. షుగరు బిళ్ళ వేసుకుని తినకపోతే పడిపోతాను, పడిపోయి వండలేను. అది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

భోక్తలిద్దరూ తిన్నారు. అందులో ఒకాయన అరవై దాటిన వేదపండితుడు, బక్కపల్చటి మనిషి. విస్తరి ముందు కూర్చుని మూడు చెంబుల నీళ్ళు తాగారు. నేను వంటింట్లోంచి లెక్కపెట్టాను. తాంబూలం తీసుకుని, ఎండ తగ్గేదాకా అరుగు మీద నడుం వాల్చారు. రెండు గంటలయ్యాక నా సంచీలోంచి నేను రోజూ షుగరు చూసుకునే మిషనూ కొత్త సూదీ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఒక్క చుక్క రక్తం ఇస్తారాండి? షుగరు చూస్తాను."

ఆయన లేచి కూర్చుని నవ్వారు. "నాకెందుకమ్మా అది? నలభై తొమ్మిది కిలోలుంటాను. మా వంశంలో ఎవరికీ లేదు. పైగా పోయినేడు అమలాపురంలో చూపించుకున్నాను కూడాను. బ్రహ్మాండంగా ఉందన్నారు."

"ఏం తిని ఇచ్చేరండీ ఆ రక్తం?"

ఆయన ఆలోచించారు. "ఆవేళ ఇలాగే భోక్తగా వెళ్ళాలి కదమ్మా. కాఫీ తాగి ఇచ్చేను."

నాకు చెప్పాలని చాలా ఉంది. చార్టు గురించీ, దొర బొమ్మ గురించీ, మా అమ్మ గురించీ, మరియమ్మ డబ్బా గురించీ. అదంతా పక్కన పెట్టి, పొద్దున్నుంచీ ఎవరు చెప్పినా తియ్యని కుడికాలి జోడు తీసి, ఆ పాదం ఎత్తి అరుగు మీద పెట్టాను.

ఆయన మూడు వేళ్ళూ లెక్కపెట్టినట్టు చూశారు. తరవాత తన వేలు చాపారు.